లండన్‌లో నైజీరియా శిల్పాలు చూడబోయే అమ్మాయికి

చిరంజీవి శారదకు పెదనాన్న ఆశీస్సులు.

చదువు మధ్య తీరిక దొరికినప్పుడు ఆఫ్రికా కళను చూడాలని ఉందని, ఎలా చూడాలో చెప్పమని అడిగావు. నైజీరియాలో గణితం బోధించిన కాలంలో సెలవులు దొరికినప్పుడల్లా బెనిన్ నగరంలోనూ, నైరుతి నైజీరియాలోని యొరూబా ప్రజల పట్టణాల్లోనూ తిరిగాను కనుక ఆ రెండింటి గురించి కొంత చెప్పగలను. మాలి, కాంగో, ఘనాల సంగతి ఆయా దేశాలను ఎరిగినవారిని అడగడమే మేలు. అంత పెద్ద ఖండాన్ని ఒక్క ముద్దగా చూడకు. ఏ ప్రజలు, ఏ ఊరు, ఎవరి కోసం, ఏ పనికి అన్న ప్రశ్నలకు జవాబు దొరికేవరకు బాగుంది, బాగాలేదు అన్న తీర్పును వాయిదా వెయ్యి.

ముందుగా బ్రిటిష్ మ్యూజియం కింది అంతస్తులోని 25వ గదికి వెళ్ళు. నిలువు కడ్డీలకు వరుసలుగా బిగించిన ఇత్తడి పలకలు అక్కడ కనబడతాయి. ఇవి దక్షిణ నైజీరియాలోని ఎడో ప్రజల బెనిన్ రాజ్యానివి. పేరు ఒకటే అయినా నేటి బెనిన్ దేశం వేరు. 16, 17 శతాబ్దాల్లో పోతపోసిన ఈ పలకలు ఒకప్పుడు ఓబా, అనగా రాజు, ప్రాసాదంలోని స్తంభాలను అలంకరించేవి. అన్నింటినీ చూడాలని ఆరాటపడక ఒకే పలక ముందు పావుగంట నిలబడు. నడుమ ఉన్న వ్యక్తి పెద్దగానూ పక్కవారు చిన్నగానూ ఉండటానికి కారణం దూరం కాదు, హోదా. మెడ నుంచి గడ్డం దాకా పేర్చినట్టు కనబడేవి పగడపు పూసలు. వెనుక ఖాళీలో గీసిన నాలుగు రేకుల ఆకులు జలాధిదైవమైన ఓలోకున్‌ను స్ఫురింపజేస్తాయి. కొన్ని శిల్పాల్లో ఓబా కాళ్ళ చోట బురదచేపలుంటాయి. అవి నీటిలోనూ నేల మీదా బతకగలవు కనుక, ఓబా అధికారం రెండు లోకాలకూ చెందినదని శిల్పి చెబుతున్నాడన్నమాట. పొడవాటి జుట్టు, గడ్డాలు ఉన్నవారు పోర్చుగీసు వర్తకులు. వారు తెచ్చిన ఇత్తడి కడియాలను కరిగించి బెనిన్ శిల్పులు పోతపోశారు. ఆ లోహం జర్మనీలోని రైన్ ప్రాంతపుదని 2023లో వెలువడిన పరిశోధన చూపింది.

పోత విధానం నీకు కొత్త కాదు. మన ఆదిలాబాద్ ఓజా కళాకారులు డోక్రా బొమ్మలకు వాడేదీ ఇదే పద్ధతి: మైనంతో రూపం చేసి, పైన మట్టి పూసి, కాల్చి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. అచ్చు పగలగొడితే గాని బొమ్మ బయటకు రాదు కనుక ఒకదానికొకటి అచ్చంగా సరిపోదు. బెనిన్ నగరంలోని ఇగున్ వీధిలో ఈ పని చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

యొరూబా కొయ్యబొమ్మల్లో తల శరీరానికి మించి పెద్దదిగా ఉంటుంది. శిల్పికి కొలతలు తెలియవని అనుకోకు. మనిషి విధి తలలోనే ఉంటుందని వారి నమ్మకం. అదే యొరూబా ప్రజల ఇఫే పట్టణంలో అంతకు శతాబ్దాల ముందే సజీవంగా తోచే లోహపు ముఖాలు పోశారు. 1910లో అక్కడికి వెళ్ళిన జర్మన్ పరిశోధకుడు ఫ్రోబేనియస్, స్థానికులు ఇంత పని చేయగలరని నమ్మలేక, ప్రాచీన గ్రీకులు వచ్చి ఉంటారని ఊహించాడు. ఇలాంటి పండితులు మనకూ తగిలారు లే.

ఇబేజీ బొమ్మలు ఎక్కడ కనబడినా తొందరగా దాటిపోకు. యొరూబాల్లో కవల పిల్లలు ఎక్కువ. కవలల్లో ఒకరు చనిపోతే, ఆ బిడ్డ పేరిట జానెడంత కొయ్యబొమ్మ చెక్కించి, తల్లి దానికి స్నానం చేయించేది, తినిపించేది, ఎర్రని చెక్కపొడి పూసేది, బట్ట కట్టి వీపున మోసేది. అందువల్ల చాలా బొమ్మలకు కళ్ళూ ముక్కూ అరిగి నునుపెక్కి ఉంటాయి. ఆ అరుగుదలను లోపంగా లెక్కించేవాడికి ఆ బొమ్మ ఎందుకు పుట్టిందో తెలియదు. నన్నడిగితే, ఉలి పని ఎంత గొప్పదైనా అరగని బొమ్మ కంటే అరిగిన బొమ్మనే ఎక్కువసేపు చూడమంటాను.

ముసుగుల గురించి క్లుప్తంగా చెబుతాను. గోడకు తగిలించిన ముసుగు సగం కూడా కాదు. బట్టలు, డప్పులు, నాట్యం తోడైతేనే అది పూర్తవుతుంది. 2008లో యునెస్కో జాబితాలో చేరిన గెలెడె అనే యొరూబాల ముసుగు నాట్య ఉత్సవపు వీడియోలు ముందుగా చూడు.

శిల్పులందరూ అజ్ఞాతులని రాసినవారిని నమ్మకు. 1938లో మరణించిన యొరూబా శిల్పి ఓలోవె ఆఫ్ ఇసే తన కాలంలోనే పేరుపొందాడు. ఇకెరె ప్రాసాదానికి అతను చెక్కిన తలుపులు 1924లో లండన్ వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనకు వెళ్ళాయి.

నువ్వు చూసే వస్తువు మ్యూజియానికి ఎలా చేరిందో కూడా చదువు. 1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ సేన బెనిన్ నగరాన్ని పట్టుకుని, ప్రాసాదంలోని వేలాది శిల్పాలను తరలించింది. ఓబా ఓవోన్‌రామ్‌వెన్ కలబార్‌కు ప్రవాసం వెళ్ళి 1914లో అక్కడే కన్నుమూశాడు. వాటిని తిరిగి ఇచ్చేయకుండా 1963 నాటి చట్టం తమను కట్టడి చేస్తోందని బ్రిటిష్ మ్యూజియం అంటోంది. అదే లండన్‌లోని హార్నిమన్ మ్యూజియం 2022లో 72 వస్తువుల యాజమాన్యాన్ని నైజీరియాకు అప్పగించింది. నా ఓటు హార్నిమన్‌కే. నువ్వు రెండు చోట్లా చూసి నీ అభిప్రాయం ఏర్పరచుకో.

కొనాలనిపిస్తే, పొగబెట్టి, మట్టి రుద్ది పాతదని అమ్మేవాటి జోలికి పోకు. కొత్తదని చెప్పి అమ్మే ఇగున్ వీధి పోతపని నిజాయితీ గలది. దంతపు వస్తువు ఎవరు ఇచ్చినా తీసుకోకు. మొదటిసారి చూసి వచ్చాక నీకు నచ్చిన పలకను మాటల్లో వర్ణించి నాకు రాయి, ఫొటో పంపవద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న