నెలకో తీరుగా వచ్చే ఆదాయంతో స్టూడియోకు అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్, సొంతిల్లు. కింది గదిలో ఆర్డరు మీద పోర్ట్రెయిట్లు వేస్తాను, సాయంత్రాలు పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతాను. ఏడాదికి రూ.4.2 లక్షలు వస్తాయి. రంగులు, కాన్వాసులు, ఫ్రేములకు రూ.1.2 లక్షలు పోతాయి. ఒక నెల రూ.80 వేలు వస్తే, మరో నెల రూ.6 వేలే. అడ్వాన్సు వచ్చిన వారానికే ఖర్చయిపోతుంది. మావారి జీతం ఇంటికి సరిపోతుంది కానీ మిగలదు. బుడమేరు వరదలో బొమ్మలన్నీ పాడయ్యాయి. మేడ మీద గది కట్టడానికి రూ.6 లక్షల అప్పు తీసుకోమంటారా? బ్యాంకులో రూ.1.8 లక్షలు ఉన్నాయి, రూ.80 వేల బంగారు రుణం ఉంది.

జవాబు: గది పైకి మార్చాలన్న మీ ఆలోచన సరైనదే. 2024 సెప్టెంబరు 1న మీ ప్రాంతాన్ని ముంచెత్తిన నీటిని చూశాక ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ ఈ ఏడాది అప్పు వద్దు. 11 శాతం వడ్డీతో ఐదేళ్లకు తీసుకున్నా ఈఎంఐ సుమారు రూ.13 వేలు. ఖర్చులు పోను మీకు మిగిలేది నెలకు సగటున రూ.25 వేలు. అందులో సగానికి పైగా బ్యాంకుకే వెళ్తుంది. రూ.6 వేలు వచ్చిన నెలలో మళ్లీ నగలే తాకట్టు పెట్టాల్సి వస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అడ్వాన్సు గురించి రాసిన మాట. రూ.12 వేల పోర్ట్రెయిట్‌కు రూ.6 వేలు ముందే తీసుకున్నారనుకోండి. అది కిరాణాకో, స్కూలు ఫీజుకో పోతే, బొమ్మ పూర్తయ్యే వేళకు ఫ్రేము కట్టించడానికి డబ్బుండదు. అప్పుడు తర్వాతి వారి అడ్వాన్సు తీస్తారు. ఆర్డర్లు వస్తున్నంత కాలం ఈ లోటు బయటపడదు, ఆగిన నెలలోనే తెలుస్తుంది. బొమ్మ అప్పగించే వరకు అడ్వాన్సు మీ సంపాదన కాదు. అప్పటిదాకా అందులోంచి సామగ్రికి తప్ప రూపాయి తీయకండి.

ఇందుకు స్టూడియోకు వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి. ఫోన్‌పే అయినా, నగదు అయినా, పిల్లల ఫీజులైనా అన్నీ అందులోకే రావాలి. ప్రతి నెలా 1వ తేదీన అక్కడి నుంచి ఇంటి ఖాతాకు రూ.20 వేలు మీ జీతంగా వేసుకోండి. రూ.80 వేలు వచ్చిన నెలలోనూ అంతే. పండుగ నెలలో చేయి ఆగడం కష్టమే, కానీ ఆర్డర్లు లేని నెలను దాటించేది ఆ మిగులే.

ఉన్న రూ.1.8 లక్షల్లోంచి బంగారు రుణం ఈ వారమే తీర్చేయండి. సేవింగ్స్ ఖాతా ఇచ్చే వడ్డీ కంటే మీరు కట్టే వడ్డీ ఎంతో ఎక్కువ. మిగిలిన లక్ష స్టూడియో ఖాతాలో వేస్తే, ఆర్డర్లు పూర్తిగా ఆగినా ఐదు నెలల జీతం సిద్ధంగా ఉన్నట్టే.

ఇక వరద విషయం. మామూలు గృహ బీమా ఉన్నా, అమ్మకానికి వేసిన బొమ్మలకు అది వర్తిస్తుందనుకోకండి. చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే ప్రామాణిక పాలసీ ఉంది, వరద నష్టం అందులో భాగమే. చిత్రాలకు విలువ ఎలా కడతారో, సగం వేసినవాటిని లెక్కలోకి తీసుకుంటారో లేదో బీమా సంస్థను రాతపూర్వకంగా అడగండి. కాన్వాసుల ఫొటోలు, రంగుల బిల్లులు ఇంట్లో కాకుండా మెయిల్‌లో భద్రపరచండి. వానాకాలంలో పూర్తయిన బొమ్మలను మెట్ల గదిలోనైనా పెట్టండి. అక్కడ గాలి ఆడేలా, గోడ చెమ్మ తగలకుండా చూసుకోవాలి.

మీ ఆదాయానికి ఇప్పుడు పన్ను పడదు. అయినా రిటర్ను వేయండి. మీతో బొమ్మలు వేయించుకున్న కంపెనీ ఏదైనా టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే పట్టుకునే పన్ను) కోసి ఉంటే అది వెనక్కి వస్తుంది, రేపు రుణానికి వెళ్లినప్పుడు బ్యాంకు అడిగేదీ ఆ రిటర్నే. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా చేసుకోండి. అది పూర్తిగా ఉచితం, మధ్యవర్తులకు డబ్బు ఇవ్వకండి.

ఏడాది పాటు ఒక్క నెల కూడా తప్పకుండా జీతం తీసుకోగలిగి, ఖాతాలో రూ.1.5 లక్షలకు తగ్గకుండా ఉంటే గది మాట మళ్లీ ఎత్తుదాం. ఈలోగా మేస్త్రీతో అంచనా వేయించండి. పూర్తి గది బదులు రేకుల కప్పు వేస్తే ఎంతవుతుందో, ఎండాకాలంలో అక్కడ రంగులు నిలుస్తాయో లేదో కూడా కనుక్కుని రాయండి.