కాలికి బలం కూడదీసుకోవడం గురించి మేనల్లుడికి

అమలాపురం

చిరంజీవి మేనల్లుడికి మేనమామ ఆశీస్సులు.

మోకాలి కింది పెద్ద ఎముక విరిగి, రాడ్డు వేయించుకుని, ఇప్పుడు మూడో నెలలోకి వచ్చావు. ఎముక చక్కగా అతుక్కుంటోందని, కాలిపై పూర్తి బరువు మోపవచ్చని డాక్టరుగారు చెప్పిన తరువాత కూడా నీవు మంచం దిగడానికి జంకుతున్నావని అక్కయ్య బెంగపడుతోంది. నీవేమో వచ్చే నెలలో జిమ్‌లో చేరి, పోయిన కండనంతా ఒక్కసారిగా తెచ్చుకుంటానంటున్నావు. బడిలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసినన్నాళ్లూ విరిగిన కాళ్లనూ బెణికిన చీలమండలనూ చూస్తూ వచ్చినవాణ్ణి కనుక చెబుతున్నాను: ఇప్పుడు మంచమూ వద్దు, అప్పుడు ఆ తొందరా వద్దు. రోజూ ఇంట్లో చేసుకునే పనులలోనే నీ వైద్యంలో సగభాగం ఉంది.

ఎముక తనపై పడే బరువును బట్టి తన కట్టుబడిని మార్చుకుంటుందని జూలియస్ వోల్ఫ్ అనే జర్మన్ శస్త్రవైద్యుడు 1892లోనే గ్రంథస్థం చేశాడు. బరువన్నదే తెలియని అంతరిక్షంలో నెలల తరబడి గడిపే వ్యోమగాములకు నడుము, తుంటి ఎముకలలో నెలకు దాదాపు ఒక శాతం సాంద్రత తగ్గుతుంది కనుకనే, వారు రోజుకు రెండు గంటల వరకు వ్యాయామానికి కేటాయిస్తారు. కండ ఇంకా త్వరగా కరుగుతుంది. నీ రెండు తొడల చుట్టుకొలతను టేపుతో కొలిచి చూడు, తేడా నీకే తెలుస్తుంది.

మొదట తొడతో ప్రారంభించు. మోకాలి కింద తువ్వాలును మడిచి పెట్టి, దానిని మంచానికి అదుముతున్నట్లుగా తొడను బిగించి, అయిదు లెక్కపెట్టి వదలాలి. ఇది సులువనిపించాక, కాస్త ఎత్తైన కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి, లేచినదానికంటె నిదానంగా కూర్చోవడం సాధన చెయ్యి. ఇక్కడ అందరూ తెలియకుండానే చేసే దొంగతనం ఒకటి ఉంది: బరువంతా బాగున్న కాలి మీదికి జారిపోతుంది. బరువు చూసే మిషను మీద దెబ్బతగిలిన కాలిని, దాని పక్కన అంతే ఎత్తున్న చెక్క మీద రెండో కాలిని ఉంచి నిలబడి చూస్తే, ఎంత బరువు తప్పించుకుంటున్నావో మిషనే చెబుతుంది. పాలు పొంగేలోగా వంటగది గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించితే పిక్క బలపడుతుంది. చేతికర్రను విరిగిన కాలి వైపు కాదు, బాగున్న కాలి వైపు చేతిలో పట్టుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు దెబ్బతగిలిన కాలు.

ఎంత చెయ్యాలన్నది మరునాటి ఉదయం తేలుస్తుంది. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉండి, తెల్లవారేసరికి మామూలు స్థితికి వస్తే ఆ మోతాదు సరిపోయినట్లే. లేచేసరికి వాపు పెరిగి, కుంటు ఎక్కువైతే నిన్నటి పనిలో సగానికి తగ్గించు కానీ పూర్తిగా మానకు. వేసవిలో కట్టేసిన కాలువకు మళ్లీ నీరు వదిలేటప్పుడు మొదటి రోజే నిండుగా వదిలితే గట్లు ఆగవు గదా, కాలి సంగతీ అంతే.

మన డెల్టాలో నడకకు ఒక ఇబ్బంది ఉంది. నేలంతా బల్లపరుపుగా ఉండడంతో, వంతెనలూ ఏటిగట్టూ తప్ప కాలికి ఎత్తు అన్నదే తగలదు. ఆ కాస్త దూరానికీ ఇప్పుడు మోటారుసైకిలే. అందువల్ల చదునైన దారిలో అరగంట నొప్పి లేకుండా నడవగలిగిన తరువాత, డాక్టరుగారి అనుమతితో ఏటిగట్టు ఎక్కి దిగడం మొదలుపెట్టు. ఎక్కడం కంటె దిగడమే మోకాలికి కష్టం, ఎందుకంటే అప్పుడు తొడ కండరం సాగుతూనే శరీరాన్ని నిలువరించాలి. వాన పడిన రోజు మాత్రం ఆ నల్లమట్టి జోలికి పోవద్దు. కొబ్బరితోటలో కాయల దింపు, ఒలుపు పనులు నడిచేటప్పుడు కూర్చుని లెక్కలు రాసే బదులు, తోట చుట్టూ తిరుగుతూ చూసుకో. కాయల బస్తా మాత్రం ఇప్పుడే ఎత్తకు. ముందు రెండు చేతులా సమానమైన చిన్న సంచులతో నడిచి చూడు. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం కూడా తిరిగి రావలసినవే కానీ, వాటిని చివరకు ఉంచు.

పప్పు తింటే చీము పడుతుందని నీకు పథ్యం పెడుతున్నారని విన్నాను. అందులో నిజం లేదు. కండ పెరగడానికి పప్పు, గుడ్లు, చేపలు కావాలి. ఎముక అతుక్కోవడాన్ని ఆలస్యం చేసేది నీ సిగరెట్టు. ఎవరో వచ్చి విరిగిన చోట నూనె వేసి గట్టిగా మర్దన చేస్తామంటే ఒప్పుకోకు. పిక్క ఉన్నట్టుండి వాచి, వేడెక్కి, నొప్పి పెడితే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు. దానితోపాటు ఆయాసమో గుండెల్లో నొప్పో వస్తే ఒక్క నిమిషం కూడా ఆగవద్దు.

కాలు బాగయ్యాక ఇవన్నీ మానేసేవాళ్లే ఎక్కువ. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చెయ్యాలని, వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. 65 ఏళ్లు దాటినవారికి వారంలో మూడు రోజులైనా, పడిపోకుండా నిలదొక్కుకునే సాధన కూడా ఉండాలని అదే సంస్థ చెప్పింది. ఆ వయసు అక్కయ్యది. కనుక నీతోపాటు ఆమెచేత కూడా కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేయించు. కిటికీ ఊచ పట్టుకుని ఒంటికాలిపై కాసేపు నిలబడమను. స్నానాలగదిలో గోడకు ఒక పిడి బిగించి, నూతి చప్టా మీది పాచిని వానలు మొదలవకముందే బ్లీచింగు వేసి గీకించు. ఆ పని నీవు చెయ్యకు, మనిషిని పెట్టు.

ఇట్లు,
నీ మేనమామ