పాత కన్వర్టిబుల్‌ను ఇంట్లోనే బాగుచేయాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ఏళ్లుగా షెడ్డులో పడి ఉన్న కన్వర్టిబుల్, అంటే పైకప్పు మడిచేసే కారు, మీ చేతికొచ్చిందన్నారు. పెయింట్ పోయింది, టాప్ (ఆ మడిచే కప్పు) చిరిగింది, ఇంజన్ మాత్రం తిరుగుతోంది. ముందు ఇంజన్ పని చూడాలా, పెయింటా అని అడిగారు. రెండూ కాదండీ. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఒక పెట్టెలా సాగే భాగం ఉంటుంది కదా, సిల్ అంటారు. ముందు అది చూడండి.

నాది 1972 ఎంజీబీ రోడ్‌స్టర్, ఎంజీ కంపెనీవాళ్ల కప్పు లేని బ్రిటిష్ కారు. 1962 నుంచి 1980 దాకా తయారైన మోడల్ ఇది. దీనికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. మామూలు కారులో పైకప్పు కూడా కొంత బలమిస్తుంది. కప్పు లేని కారులో ఆ భారం చాలావరకు సిల్స్ మీదే పడుతుంది. బయటికి కనిపించే రేకు వెనక ఇంకా పొరలుంటాయి. నీళ్లు, మట్టి వాటి మధ్య చేరి లోపల్నుంచి తినేస్తాయి. పైన పెయింట్ మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. నా కారులోనూ అంతే. స్క్రూడ్రైవర్‌తో మెల్లగా పొడిస్తే పిడి దాకా దిగిపోయింది! పాత ఓనరెవరో కన్నాల మీద పుట్టీ పెట్టి, రంగు కొట్టి ఊరుకున్నాడు.

ఒక చిన్న పరీక్ష ఉంది. తలుపు మూసి, దాని వెనక అంచుకీ వెనక ఫెండర్‌కీ మధ్య సందు ఎంతుందో పైనా కిందా కొలవండి. తర్వాత ఆ పక్క జాక్ పెట్టి కొద్దిగా ఎత్తి మళ్లీ కొలవండి. సందు మారినా, తలుపు బిగుసుకున్నా సిల్ పోయినట్టే. అలా తేలితే దాన్ని సరిచేసేదాకా ఇంకే పార్టూ కొనకండి.

ఇక్కడే నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. కారును ముందొక జత, వెనకొక జత స్టాండ్ల మీద పెట్టి, తలుపు ఊడదీసి, గ్రైండర్‌తో ఎడమ సిల్ మొత్తం ఒకేసారి కోసేశాను. రెండ్రోజులు కష్టపడి కొత్తది వెల్డ్ చేశాను. తలుపు బిగించి చూస్తే పైన 4 మిల్లీమీటర్లు ఉండాల్సిన సందు ఒక్క మిల్లీమీటరైంది, కింద మాత్రం వెడల్పుగా నోరు తెరుచుకుంది. అడ్డుకునేది లేక కారు నడుము దిగిపోయింది, అదే వంకరలో నేను వెల్డింగ్ కూడా చేసేశాను. ఆ రోజు గ్యారేజీలో కూర్చుని ఎంతసేపు ఆ సందు వంకే చూశానో చెప్పలేను. చేసిందంతా మళ్లీ కోయాల్సి వచ్చింది.

రెండోసారి బుద్ధిగా చేశాను. కోయకముందే తలుపు ఖాళీకి అడ్డంగా, ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి చదరపు ఇనుప గొట్టం బిగించాను. కొలతలు గోడ మీద రాసుకున్నాను. ఒక పక్క పూర్తయ్యేదాకా రెండో పక్క ముట్టుకోలేదు. కొత్త రేకును ముందు చుక్కచుక్కగా అంటించి, తలుపు, ఫెండర్ తగిలించి చూసి, సందు సరిపోయాకే పూర్తిగా వెల్డ్ చేశాను. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ, పెట్రోల్ ట్యాంకు రెండూ కారులోంచి తీసి బయట పెట్టండి. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. వెనక డ్రమ్ బ్రేకుల దుమ్మును గాలి కొట్టి ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం.

ఇంజన్, బ్రేకుల పని ఓపికతో అయిపోతుంది, మాన్యువల్ పక్కన పెట్టుకుంటే చాలు. బ్రేకు రబ్బర్లు, హోసులు మాత్రం చూడ్డానికి బాగున్నా మార్చేయండి.

ఇక నచ్చినట్టు మార్చుకోవడం. నాకూ మొదట్లో వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ పిచ్చి ఉండేది. కంపెనీవాళ్లే 1973 నుంచి 1976 దాకా 3.5 లీటర్ల వి8 పెట్టారు, కానీ జీటీ అనే కప్పున్న ఎంజీబీలోనే. సిల్స్ గతి కళ్లారా చూశాక నా పిచ్చి వదిలింది. రేపు మళ్లీ పాతది బిగించుకోగలిగేలా ఉండే మార్పులే చేశాను. స్పార్క్ కోసం కరెంటును తెంచి కలిపే పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాను, అది డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) మూత కింద దాక్కుంటుంది. సీట్ల వెనక ఉండే రెండు 6 వోల్టుల బ్యాటరీల బదులు ఒక 12 వోల్టులది పెట్టాను. నాలుగు గేర్ల బాక్సు తీసి అయిదు గేర్లది వేశాను, పాతది షెడ్డు మూలన భద్రంగా ఉంది. ఒక హెచ్చరిక: 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో బ్యాటరీ ప్లస్ బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. మీ కారు ఆ కాలంది అయితే ఏ ఎలక్ట్రానిక్ వస్తువైనా తగిలించే ముందు అది చూసుకోండి, లేకపోతే కాలిపోతుంది.

టాప్ అన్నింటికన్నా చివర. వినైల్ అయితే గంటసేపు ఎండలో పరిచి, మెత్తబడ్డాక లాగి బిగించండి. చలిలో బిగిస్తే ఎండాకాలం వచ్చేసరికి వదులై గాలికి టపటపా కొట్టుకుంటుంది. తడిగా ఉన్నప్పుడు మడవకండి. చలిలో మడిస్తే వెనక ప్లాస్టిక్ అద్దం పగులుతుంది, నాది అలాగే పోయింది.

ముందు ఆ జాక్ పరీక్ష చేసి, సందు ఎంత మారిందో ఇక్కడే రాయండి. సిల్ ఎంతమేర కోయాలో అప్పుడు మాట్లాడుకుందాం.