మే నెలలో కాలవ చూసి రాసిన రిపోర్టు

మనలాంటి దేశాల్లో పర్యావరణ ప్రభావ అంచనా, తక్కువ కార్బన్ ప్రణాళికలు నిజంగా పనికొస్తాయా అని అడిగారు. నేను నిపుణుణ్ణి కాదు, కోనసీమలో మూడెకరాల వరి చేసుకునేవాణ్ణి. కానీ ఒక ప్రజాభిప్రాయ సేకరణ సభలో మూడు గంటలు చెమట కక్కుతూ కూర్చున్నాను కాబట్టి నాకూ చెప్పే హక్కుంది.

పదేళ్ళ పైమాట. మా మండలంలో గ్యాస్ కోసం బావులు తవ్వుతామని హైస్కూలు గ్రౌండులో షామియానా వేశారు. స్టేజీ మీద అధికారులు, ముందు వరసల్లో ఎవరో తోలుకొచ్చిన జనం, పక్కన వీడియో కెమెరా, చుట్టూ పోలీసులు. ఆ బావుల వల్ల పర్యావరణానికి ఏమవుతుందో అంచనా వేసిన రిపోర్టుకి తెలుగు సారాంశం అని ఒక కాగితాల కట్ట చేతిలో పెట్టారు. ఆ తెలుగు ఎవరు రాశారో గానీ దండం పెట్టాలి, మా పంట బోదెలు కాస్తా 'క్షేత్ర జలవాహికలు' అయిపోయాయి.

1995లో పాశర్లపూడి బ్లోఅవుట్, అంటే అదుపు తప్పి ఎగదన్నిన గ్యాస్ బావి, రెండు నెలల పైనే మండింది, ఆ వెలుగు గురించి మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అందరూ అదే అడుగుతారనుకున్నాను. మా వీధి చివర బాబాయ్ మైకు అందుకుని వేరేది అడిగారు. "ఈ నీళ్ళ లెక్కలు ఏ నెలల్లో తీశారండీ?"

కన్సల్టెంట్ కుర్రాడు కాగితాలు తిరగేసి "మార్చి నుంచి మే వరకు సార్, రూల్ ప్రకారమే" అన్నాడు.

"దాళ్వా, అదే రెండో పంట, అయ్యాక కాలవలు కట్టేస్తారు కదా బాబూ. మే నెలలో మా కాలవలో బురద చేపలు పట్టుకునే పిల్లలు తప్ప ఇంకేం ఉంటుందండీ?"

జనం గొల్లుమన్నారు. పాపం, కుర్రాడి తప్పేం లేదు. ఇలాంటి వాటికి వానాకాలం కాని ఒక్క సీజన్ డేటా ఉంటే చాలన్నదే మన పద్ధతి. మెరక ఊళ్ళకి సరిపోతుందేమో, మా సంగతి తెలియాలంటే మాత్రం అక్టోబరులో రావాలి. తుఫాను పట్టి సముద్రం పోటు మీదుంటే మా చేల నీళ్ళు బయటికి పోవాల్సిన మురుగు కాలవ వెనక్కి పారుతుంది. రిపోర్టు మ్యాపులో మాత్రం నీలం గీత బుద్ధిగా సముద్రంలోకి వెళ్ళిపోయింది.

తర్వాత సభలో ఏం జరిగిందో రాసిన మినిట్స్ చూస్తే బాబాయ్ ప్రశ్న 'స్థానికులు డ్రైనేజీ సౌకర్యం కోరారు' అని ఎక్కింది. అదన్నా నయం. 2020 జనవరిలో కేంద్రం వాళ్ళు గ్యాస్ ఉందో లేదో చూసే అన్వేషణ బావుల్ని పర్యావరణ అనుమతుల్లో బి2 అనే తేలిక కేటగిరీలో పడేశారు, అంటే వాటికి ఇప్పుడు ఈ సభ కూడా అక్కర్లేదు.

ఇక తక్కువ కార్బన్. 2070కి నెట్ జీరో, అంటే గాల్లోకి వదిలినంతా వెనక్కి తీసేయడం, అని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మన ప్రధాని మాటిచ్చొచ్చారు, మంచిదే. అది మా ఊరు చేరేసరికి 'చేలో నీళ్ళు నిలబెట్టకండి, తడి-ఆరుతడి చేయండి' అనే మీటింగ్ అయింది. నిజమే, నీళ్ళ కింద గాలాడని మట్టిలో మీథేన్ పుడుతుంది, మధ్యమధ్య ఆరబెడితే తగ్గుతుంది. కానీ మాకు పై చేలోంచి కింది చేలోకి పారకం, నా ఒక్కడి చేను ఎండగడతానంటే కింది రైతు గట్టు మీద కూర్చుని పంచాయితీ పెడతాడు. సార్వాలోనైతే, అదే వానాకాలం పంటలో, వద్దన్నా నీళ్ళు కదలవు, ఎందుకంటే ఆ మురుగు కాలవ నిండా గుర్రపుడెక్క, దానికి తోడు పక్కన రొయ్యల చెరువుల గట్లు ఏటా కాస్త లోపలికి జరుగుతుంటాయి. ఆ చెరువుల్లో రాత్రంతా నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు, కరెంటు పోతే డీజిల్ జనరేటర్లు. వాటి కార్బన్ మీద మా ఊళ్ళో ఒక్క మీటింగ్ పెట్టిన పాపాన పోలేదు.

కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి నీళ్ళు ఇచ్చారు, ఊరూరా విగ్రహం పెట్టుకున్నాం. ఆ నీళ్ళు బయటికి పంపినాయనకి కూడా పెడదామంటే ఇంకా ఎవరూ దొరకలేదు. నా మట్టుకు డెల్టాలో తక్కువ కార్బన్ ప్రణాళికలో మొదటి పద్దు మురుగు కాలవ పూడిక తీయడం, సోలారూ గీలారూ ఆ తర్వాతే. లెక్కలు చూపించమనకండి, నా దగ్గరున్నది చేను.

పనికొస్తాయా అంటే, పట్టుకుని అడిగేవాడుంటే కొంత పనికొస్తాయి. మీ ఊళ్ళో సభ పెడితే కనీసం 30 రోజుల ముందు నోటీసు రావాలి, కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో రిపోర్టు కాపీ ఉంటుంది. వెళ్ళి ముందుగా డేటా ఏ నెలల్లో తీశారో ఆ పేజీ చూడండి. మీ అభ్యంతరం కాగితం మీద రాసిచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. మా బాబాయ్ నోటితో చెప్పి ఊరుకున్నారు, ఇప్పటికీ ఆయన దగ్గర 'డ్రైనేజీ సౌకర్యం' అంటే చేతికర్ర పైకి లేస్తుంది.