బ్లాక్ పౌడర్ రివాల్వర్: కాల్చడం ఒక గంట, కడగడం రెండు గంటలు

ప్రశ్న: "నేను హైదరాబాదులో ఉంటాను. టెక్సాస్‌లో ఉన్న మా బావగారు 1858 రెమింగ్టన్ నమూనా బ్లాక్ పౌడర్ రివాల్వర్ కొన్నారు. రెండు నెలల్లో అక్కావాళ్ల దగ్గరికి వెళ్తున్నాను. కాల్చడం, శుభ్రం చేయడం నేర్చుకోవాలని ఉంది. ఇక్కడే ముందుగా ఏమైనా నేర్చుకోవచ్చా? వచ్చేటప్పుడు ఒకటి తెచ్చుకోవచ్చా?"

చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. తేవద్దండీ. అమెరికాలో 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ ఇలాంటి క్యాప్ రివాల్వర్లని (తూటా కాకుండా మందు, గుండు విడివిడిగా నింపి, క్యాపు అనే చిన్న నిప్పు టోపీతో పేల్చేవి), నిన్న తయారైనవైనా సరే, పాతకాలపు వస్తువుల కింద లెక్కేస్తుంది. మన దగ్గర ఆ లెక్క చెల్లదు. మన 1959 ఆయుధాల చట్టంలోనూ పాతకాలపు వాటికి మినహాయింపు ఉంది గానీ, అది బాగుచేసినా ఇక పేలనివాటికే. మీ బావగారిది నిక్షేపంగా పేలుతుంది. అంటే లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకోవడం నేరం, లైసెన్సు లేకుండా దేశంలోకి తేవడం ఇంకో నేరం. తుపాకి మందు, క్యాపులు అయితే విమానంలోకి ఏ బ్యాగులోనూ ఎక్కించకూడదు. తిరిగొచ్చే ముందు ప్యాంటు జేబులు, బ్యాగు అడుగు అన్నీ దులిపి చూసుకోండి. ఒక్క క్యాపు దొర్లి ఉన్నా ఎయిర్‌పోర్టులో మీ రోజు అక్కడితో సరి. కాల్చినప్పుడు వేసుకున్న బట్టలు కూడా ఉతికాకే సర్దండి.

ఇంకో మాట, చాలామందికి తెలియదు. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు అక్కడ మామూలు తుపాకులు, తూటాలు పట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం చిక్కే. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. బ్లాక్ పౌడర్ రివాల్వర్‌ని ఆ చట్టం తుపాకిగా లెక్కించదు కాబట్టి దానికి ఆ ఇబ్బంది లేదు. కానీ రాష్ట్రాన్నిబట్టి, రేంజిని బట్టి నియమాలు మారతాయి. వెళ్లే రేంజికి ముందే ఫోన్ చేసి అడగమని మీ బావగారికి చెప్పండి. కొన్ని ఇండోర్ రేంజిల్లో ఈ పొగని అసలు ఒప్పుకోరు.

ఇక నా సంగతి. నేనుండేది కూకట్‌పల్లిలో. కొన్నేళ్ల క్రితం కంపెనీ పదకొండు నెలలు హ్యూస్టన్ పంపింది. అక్కడ మా మేనమామ ఉన్నారు, రిటైరయ్యారు. ఆయన దగ్గర ఇదే రెమింగ్టన్, ఇటలీలో చేసిన .44 క్యాలిబర్‌ది (క్యాలిబర్ అంటే సుమారుగా గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) ఉండేది. శని, ఆదివారాల్లో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అందుకని నేను చెప్పేదంతా ఒక్క మోడల్ మీద, ఒక్క గురువు దగ్గర నేర్చుకున్న విద్య అని గుర్తుపెట్టుకోండి.

హైదరాబాదులో ఇప్పుడే మొదలుపెట్టాల్సింది ఎయిర్ పిస్టల్. నేను వెళ్లే ముందు ఆరు నెలలు వారానికి రెండుసార్లు నేర్చుకున్నాను. అదే నన్ను కాపాడింది. .177 క్యాలిబర్, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి లైసెన్సు అక్కర్లేదు. షూటర్ ఈషా సింగ్ మన ఊరి అమ్మాయే, ఆమెది పిస్టలే. ఆ పేరు వల్ల ఇప్పుడు నగరంలో నేర్పేవాళ్లు బాగానే దొరుకుతున్నారు. ఒంటిచేత్తో నిలబడి పది మీటర్లలో కాల్చడం, చూపు టార్గెట్ మీద కాకుండా ముందు సైటు మీద నిలపడం, ట్రిగ్గర్‌ని నిమ్మకాయ పిండినట్టు మెల్లగా నొక్కడం, పేలాక కూడా చెయ్యి ఒక క్షణం అక్కడే ఉంచడం. ఇవన్నీ రివాల్వర్‌కీ అక్షరాలా పనికొస్తాయి. నాకు సరదాగా అనిపించే సంగతి ఒకటుంది. ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు. .44 రివాల్వర్‌లో పెట్టే సీసం గుండు .454 అంగుళాలు, అంటే అదీ పదకొండున్నర మిల్లీమీటర్లే. ఇక్కడ మీరు గురిపెట్టే చుక్క ఎంతో, అక్కడ మీ చేతిలోకి వచ్చే గుండు అంత.

అక్కడికి వెళ్లాక మొదటిరోజు మామయ్య నాకు రివాల్వర్ ఇవ్వలేదు. మందు డబ్బా చూపించారు. నేను ఉత్సాహంగా "నల్లమందు అంటే ఇదేనా?" అన్నాను. "ఒరేయ్, నల్లమందు అంటే గంజాయివాళ్ల పక్కవాళ్లు అమ్మేది. ఇది తుపాకి మందు" అన్నారు. సురేకారం, బొగ్గు, గంధకం కలిసిన పాత మిశ్రమం. పొగలేని ఆధునిక తుపాకి మందు ఇందులో పొరపాటున కూడా పోయకూడదు. దాని ఒత్తిడికి సిలిండర్ పగిలి చేతులు పోతాయి. రెండు డబ్బాలూ ఒకే బల్ల మీద ఉండనివ్వను అని మొదటి నియమం పెట్టారు. సిగరెట్టు తాగేవాళ్లని ఆ చుట్టుపక్కలకే రానివ్వను అన్నది రెండోది.

లోడ్ చేయడం చూడ్డానికి పెద్ద తతంగం, రెండోవారానికి చేతికి వచ్చేస్తుంది. ముందు ఖాళీ సిలిండర్ వెనక ఉన్న నిపుల్స్ (క్యాపులు తొడిగే చిన్న గొట్టాలు) అన్నిటికీ ఒక్కో క్యాపు పెట్టి, గొట్టం మొన నేల మీది గడ్డిపరకకి దగ్గరగా వంచి పేల్చాలి. గడ్డి కదిలితే దారి తెరిచే ఉందన్నమాట, లోపల మిగిలిన నూనె కూడా కాలిపోతుంది. ఈ చిన్న పని నాకు భలే నచ్చేది. తర్వాత హ్యామర్‌ని (క్యాపుని కొట్టే సుత్తిని) హాఫ్ కాక్‌లో, అంటే సగం వెనక్కి లాగి ఉంచితే సిలిండర్ చేత్తో తిరుగుతుంది. సిలిండర్‌లోని ఒక్కో గదిలో కొలత గొట్టంతో మందు పోయాలి, పెద్ద డబ్బాలోంచి నేరుగా ఎప్పుడూ పోయకూడదు. మేము ట్రిపుల్ ఎఫ్ రకం పొడి 25 గ్రెయిన్లు వాడేవాళ్లం, అంటే సుమారు 1.6 గ్రాములు. మీ బావగారి దానికి ఎంతో తయారీదారు కాగితంలో చూసుకోండి. దానిమీద ఉన్ని బిళ్ల, పైన మెత్తటి సీసం గుండు. లీవరుతో గుండుని లోపలికి నొక్కినప్పుడు అంచున సన్నటి సీసం రింగు చెక్కుకుని ఊడిపడాలి. అలా పడితే గుండు గదికి బిగువుగా పట్టిందని అర్థం. గుండుకీ మందుకీ మధ్య గాలి జాగా ఉండకూడదు, ఆనే వరకూ నొక్కాలి. క్యాపులు అన్నిటికంటే ఆఖర్న, అదీ గొట్టం టార్గెట్ వైపు ఉన్నప్పుడే.

ఆరు గదుల్లో ఐదే నింపండి. హ్యామర్ ఖాళీ గది మీద ఆనాలి. మొదటిరోజు అయితే ఒక్కటే నింపి, కాల్చి, మళ్లీ నింపండి. నాకు ఐదు నింపడానికి మూడు వారాలు పట్టింది, మామయ్య ఒప్పుకోలేదు మరి. ఎందుకో తర్వాత తెలిసింది. గుండు వదులుగా ఉన్నా, క్యాపు సరిగ్గా పట్టకపోయినా ఒక గది మంట పక్క గదికి అంటుకుని రెండు మూడు ఒకేసారి పేలొచ్చు. అందుకే ఎడమచెయ్యి ఎప్పుడూ సిలిండర్‌కి ముందువైపు రాకూడదు. ఇది రైఫిల్ కాదు, రెండో చేత్తో ముందు పట్టుకునే అలవాటు ఉంటే మానుకోండి.

హ్యామర్ పడి, క్యాపు పేలి, తుపాకి పేలకపోతే? కదలకండి. గొట్టం టార్గెట్ వైపే ఉంచి నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. నాకు ఒకసారి అలా జరిగింది, నిమిషం ఆగి కొత్త క్యాపు పెడితే పేలింది. ఆ అరవై సెకన్లు ఎంత పొడుగ్గా ఉంటాయో చెప్పలేను, చెయ్యి వణికింది. ఇంకో చికాకు, పేలిన క్యాపు ముక్కలు హ్యామర్ సందులో పడి మొత్తం బిగుసుకుపోవడం. హ్యామర్ లాగేటప్పుడు గొట్టాన్ని పైకెత్తితే, టార్గెట్ వైపే సుమా, ముక్కలు వెనక్కి జారి బయట పడతాయి. కళ్లద్దాలు, చెవులకి రక్షణ తప్పనిసరి.

పేలితే ఎలా ఉంటుందంటే, దీపావళి మరుసటి రోజు మన వాకిలి వాసన. తెల్లటి పొగ మబ్బు లేస్తుంది, గాలి లేకపోతే టార్గెట్ కొంతసేపు కనపడదు. చేతిని వెనక్కి నెట్టే ఊపు ఆధునిక పిస్టల్‌లా చెంపదెబ్బ కొట్టినట్టు ఉండదు, మెల్లగా నెట్టినట్టు ఉంటుంది. బాగుంటుంది, దాచుకోవడం ఎందుకు.

కానీ నేను అసలు నేర్చుకున్నది ఆ తర్వాత. బ్లాక్ పౌడర్‌లో సగానికి పైగా వాయువుగా మారదు, కొంత పొగలో కలిసి పోతుంది, మిగతాది గట్టి మసిగా మిగిలిపోతుంది. అది పొటాషియం లవణాల మసి. గాల్లో తేమని పీల్చుకుంటుంది, పీల్చుకుని ఇనుముని తినేస్తుంది. నెమ్మెక్కుతాయని టపాకాయల్ని మనం మిద్దె మీద ఎండలో పెడతాం కదా, ఇక్కడ నెమ్ము తుపాకి లోపలే తయారవుతుంది. అందుకే నియమం ఒక్కటే: కాల్చిన రోజే కడగాలి. ఇనప మూకుడులో పులుసు రాత్రంతా వదిలేస్తే అమ్మ ఏమంటుందో గుర్తు తెచ్చుకోండి, అంతే సంగతి.

నేను వదిలేశాను. జూన్‌లో ఒక శనివారం రేంజి నుంచి వచ్చేసరికి అత్తయ్య బిర్యానీ చేసి ఉంచారు, చుట్టాలు వచ్చారు, తిన్నాక నిద్ర ముంచుకొచ్చింది. మామయ్య డ్యూటీ నాకే అప్పగించారు, నేను "పొద్దున చూద్దాం" అని గరాజ్‌లో పెట్టేశాను. ఆదివారం ఊరెళ్లాం. సోమవారం సాయంత్రం తీస్తే గొట్టం లోపల నారింజ రంగు. హ్యూస్టన్ గాలి మన ఊరి వానాకాలం కంటే ఘోరం. రెండు నిపుల్స్ కదల్లేదు. బలంగా తిప్పితే ఒకదాని అంచులు అరిగిపోయి పానా జారిపోయింది. నూనెలో రెండు రోజులు నానబెట్టి ఎలాగో తీసి, కొత్త సెట్టు కొన్నాం. గొట్టం లోపల చిన్న చిన్న గుంటలు మాత్రం ఉండిపోయాయి. మామయ్య తిట్టలేదు. పాత టూత్‌బ్రష్ ఒకటి నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. తిడితేనే బాగుండేది.

పద్ధతి ఇది. హాఫ్ కాక్‌లో పెట్టి, లోడింగ్ లీవరు కిందికి దించి, సిలిండర్ పిన్నుని ముందుకి లాగితే సిలిండర్ కుడివైపు నుంచి చేతిలోకి వస్తుంది. చెక్క పిడి ఊడదీసి పక్కన పెట్టండి, దానికి నీళ్లు తగలకూడదు. నిపుల్స్ పానాతో తీయండి. వేడినీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, బ్రష్‌తో గొట్టం, గదులు, నిపుల్స్ తోమండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, అది గంధకం వల్ల. అత్తయ్య ఆ పనిని వంటింటి సింక్‌లో ఒక్కసారే చేయనిచ్చారు. నీళ్లు నల్లగా రావడం ఆగేవరకూ మార్చండి. మరిగే నీళ్లు పోస్తే త్వరగా ఆరుతుందని కొందరంటారు గానీ, నా అనుభవంలో అంత వేడికి ఆరుతూనే పల్చటి తుప్పు పూసింది. చెయ్యి తట్టుకునే వేడి చాలు. తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో సందులన్నీ ఆరబెట్టి, అప్పుడు నూనె. నిపుల్ మరలకి కొంచెం గ్రీజు రాసి, వేళ్లతో బిగించి, పానాతో ఒక్క చిన్న తిప్పు, అంతే.

గుండు మీద పూసే గ్రీజు మాత్రం పెట్రోలియంది వద్దు. ఆ మసితో కలిసి తారులా గట్టిపడుతుంది. తేనె మైనం, ఆలివ్ నూనె కలిపి కరిగించి మామయ్య సీసాల్లో పోసుకునేవారు. మరునాడు ఒక తెల్లగుడ్డ ముక్క గొట్టంలో నడిపి చూడండి. గోధుమ రంగు కనిపిస్తే మళ్లీ కడగాల్సిందే. లోపలి స్ప్రింగులు విప్పే పని ప్రతిసారీ అక్కర్లేదు. విప్పినప్పుడు సరైన మొన ఉన్న స్క్రూడ్రైవరే వాడండి, ఇంట్లో ఫ్యాను బిగించేది కాదు. మర తలలు చెడిపోతే చూడ్డానికే బాధగా ఉంటుంది. సీసం పట్టుకున్న చేతులతో ఏమీ తినకండి.

ఆ సోమవారం నుంచి నాకొక జబ్బు పట్టుకుంది. మా పిల్లల్ని తీసుకుని సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్తే, ఆయుధాల గదిలో అందరూ పిడుల మీద నగిషీ చూస్తారు, నేను గొట్టం మొన దగ్గర వంగి తుప్పు గుంటలు వెతుకుతాను. గార్డు అనుమానంగా చూస్తాడు.

మీ బావగారి దాని ఫ్రేము ఉక్కుదా, ఇత్తడిదా అని అడిగి ఇక్కడే కామెంట్లో రాయండి. ఇత్తడిదైతే నేను చెప్పిన 25 గ్రెయిన్లు ఎక్కువ, అది సాగి వదులవుతుంది. దానికి ఇంకా తగ్గించాలి.