యూరప్ అంతా ఒకే దేశం అయిపోవాలని అక్కడి మామూలు జనం కోరుకుంటున్నారా? సార్వభౌమత్వం పోతుందన్న భయం లేదా?

టీవీ చర్చల్లో విన్నది పక్కనపెట్టి, నేను కళ్లారా చూసింది చెబుతాను.

2012లో ఎమ్మెస్ చదవడానికి జర్మనీ వచ్చాను. ఉద్యోగం వచ్చాక కేల్ అనే చిన్న ఊళ్లో స్థిరపడ్డాం. ఊరి అంచున రైన్ నది, అవతలి ఒడ్డున ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్. 27 దేశాల కూటమి యూరోపియన్ యూనియన్ ఉంది కదా, దాని పార్లమెంటు సమావేశాలు జరిగే నగరం అదే. 2017లో ఆ ఊరి ట్రామ్ లైనును వంతెన మీదుగా మా రైల్వే స్టేషన్ దాకా పొడిగించారు. మాది రాజమండ్రి. చిన్నప్పుడు గోదావరి దాటి కొవ్వూరు వెళ్తే జిల్లా మారేది, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఇక్కడ నది దాటితే దేశమే మారిపోతుంది, భాష మారిపోతుంది, అయినా ఎవరూ పట్టించుకోరు. సబ్బులు, షాంపూలు, పిల్లల డైపర్లు ఇటు చవక అని ఫ్రెంచివాళ్లు మా ఊరి డీఎం షాపుకి వస్తారు. మంచి బ్రెడ్డు కావాలంటే మేం అటు వెళ్తాం.

ఇంత తేలిగ్గా చెప్పేశాను గానీ, 1870కీ 1945కీ మధ్య స్ట్రాస్‌బర్గ్ నాలుగుసార్లు చేతులు మారింది. రేవు దగ్గర మా ఆఫీసులో ఒక ఫ్రెంచి ఆవిడ పనిచేస్తుంది, రోజూ స్ట్రాస్‌బర్గ్ నుంచి వచ్చిపోతుంది. వాళ్ల అమ్మమ్మ ఇల్లు కదలకుండానే ఆమె దేశం మూడుసార్లు మారిందట. అందుకే ఈ చుట్టుపక్కల "యూరప్" అనే మాటకి మొదటి అర్థం ఆర్థిక వ్యవస్థో మార్కెట్టో అవదు. మళ్లీ యుద్ధం రాకూడదు, అంతే.

ఇక మీ ప్రశ్న. "ఒకే దేశం కావాలి" అని గట్టిగా అనేవాళ్లు నాకు ఇక్కడ వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే తగిలారు. "అంతా రద్దు చేసి ఎవరి దేశం వాళ్లు చూసుకోవాలి" అనేవాళ్లు అంతకంటే ఎక్కువమందే, అయినా అందరూ వాళ్లే అని చెప్పలేను. మిగతావాళ్లంతా పోట్లాడుకునేది ఒక్క విషయం గురించి: మా బతుకుని మార్చే నిర్ణయం ఎవరు తీసుకున్నారు, అది నచ్చకపోతే వెళ్లి ఎవరిని నిలదీయాలి? సార్వభౌమత్వం అనే పెద్దమాట వెనక నాకు ఎప్పుడూ వినిపించింది ఈ ప్రశ్నే.

మొదటిసారి అది నాకు అర్థమైంది 2020 మార్చిలో. కరోనా మొదలవగానే, మార్చి 16న, జర్మనీ ఫ్రాన్స్ సరిహద్దులో తనిఖీలు పెట్టింది. ట్రామ్ నది అవతలే ఆగిపోయింది. మేం సాయంత్రాలు నడిచే కాలిబాట వంతెనకి అడ్డంగా ఇనుప బారికేడ్లు వచ్చాయి. ఆఫీసు ఆవిడ పనికి రావాలంటే కంపెనీ ఇచ్చిన కాగితం కారు అద్దం ముందు పెట్టుకుని పోలీసుల దగ్గర లైన్లో నిలబడాలి. సూపర్ మార్కెట్లో ఆగి పాలు కొనుక్కోవడానికి కూడా లేదు, పనికి వచ్చావు, పని చేసుకుని వెళ్లు అన్నట్టు. ఒకరోజు తను నా టేబుల్ దగ్గరికి వచ్చి, "ఇన్నేళ్లూ నేను సరిహద్దు దాటి వస్తున్నానన్న సంగతే మర్చిపోయాను" అంది. కళ్లలో నీళ్లు. జూన్ 15న తనిఖీలు ఎత్తేసిన రోజు వంతెన మీద జనం, ఏదో తిరణాల జరుగుతున్నట్టు. నేనూ మా పాపని ఎత్తుకుని వెళ్లాను.

మరి ఆ మూసేసింది ఎవరు? బ్రసెల్స్‌లో ఉండే యూరోపియన్ యూనియన్ కాదు, బెర్లిన్‌లో ఉండే జర్మన్ ప్రభుత్వం. తన సరిహద్దు తను మూసుకునే హక్కు ఒక దేశానికి ఉంది. అదే కదా సార్వభౌమత్వం. కాకపోతే దాని దెబ్బ తగిలినవాళ్లలో సగంమందికి బెర్లిన్‌లో ఓటు లేదు.

2024లో యూరోపియన్ పార్లమెంటు ఎన్నికలకి ముందు మా ఊళ్లో సాయంత్రం క్లాసులు నడిపే చోట ఒక చర్చ పెట్టారు. నలభైమంది దాకా వచ్చారు, అటువాళ్లూ ఇటువాళ్లూ. సగం జర్మన్, సగం ఫ్రెంచి. పక్కవాళ్లకి పక్కవాళ్లే గుసగుసగా తర్జుమా చేసుకుంటున్నారు. మొదట లేచింది స్ట్రాస్‌బర్గ్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, రిటైరైన స్కూలు మాస్టారు. ఆయన కోపం 2005 నాటిది. యూరప్‌కి ఒక రాజ్యాంగం రాసి, ఫ్రాన్స్‌లో జనాభిప్రాయ సేకరణ పెట్టారు. మే 29న దాదాపు 55 శాతం మంది "వద్దు" అన్నారు. మూడు రోజులకి నెదర్లాండ్స్‌లో 61 శాతానికి పైగా అదే మాట. తర్వాత ఏమైంది? అందులో చాలా అంశాలు లిస్బన్ ఒప్పందం పేరుతో తిరిగొచ్చాయి, 2008లో ఫ్రెంచి పార్లమెంటు జనాన్ని అడక్కుండానే ఆమోదించేసింది. "నేను ఆ రోజు 'అవును' అనే ఓటు వేశాను. అయినా నాకు ఇప్పటికీ మంటే. వద్దన్నవాళ్లు నా పొరుగువాళ్లు. వాళ్ల ఓటుని చెత్తబుట్టలో వేస్తే రేపు నా ఓటుకి దిక్కేది?" అన్నాడు. హాలంతా నిశ్శబ్దం. నా దృష్టిలో యూరప్ నాయకులు చేసిన తప్పుల్లో ఇంతకంటే పెద్దది లేదు. జనాన్ని ఒకసారి అడిగి, జవాబు నచ్చక వేరే తలుపులోంచి తెస్తే, ఆ గాయం ఇరవై ఏళ్లైనా మానదు.

తర్వాత మా వైపు ఆపిల్, ద్రాక్ష తోటలున్న ఒక రైతు మాట్లాడాడు. చేతులు బండబారిపోయి ఉన్నాయి, మైకు పట్టుకోవడానికి మొహమాటపడ్డాడు. "తోటకి ఏ మందు కొట్టాలో కొట్టకూడదో పైనుంచి రూలు వస్తుంది. బెర్లిన్‌ని అడిగితే మా చేతిలో ఏం లేదు, బ్రసెల్స్ అంటారు. బ్రసెల్స్‌ని అడిగితే, ఆ సమావేశంలో మీ మంత్రే చెయ్యెత్తాడు అంటారు. నేనెవరి గుమ్మం ముందు ట్రాక్టర్ ఆపాలి?" అన్నాడు. ఇది నూటికి నూరుపాళ్లు నిజం. చాలా చట్టాలకి యూరోపియన్ పార్లమెంటుతో పాటు దేశాల మంత్రుల మండలి కూడా ఒప్పుకోవాలి. మంత్రులు అక్కడ చెయ్యెత్తి, ఇంటికొచ్చి ఆ తప్పు బ్రసెల్స్ మీదికి తోసేస్తారు. మంచి జరిగితే మాత్రం అది వాళ్ల ఘనత.

ఇక్కడ మన ఆఫీసు ఆవిడ కథలోకి మళ్లీ రావాలి. 2021లో ఆమెకి ఒక ఫోన్ వచ్చింది. యూరప్ భవిష్యత్తు గురించి మాట్లాడటానికి మిమ్మల్ని లాటరీలో ఎంపిక చేశాం అని. ఏదో మోసం కాల్ అనుకుని పెట్టేసింది. మళ్లీ చేశారు. అది నిజమే. యూరోపియన్ యూనియన్ నిర్వహించిన సమావేశాల కోసం 27 దేశాల నుంచి 800 మందిని అలా ఎంచుకున్నారు, వాళ్లలో మూడోవంతు 16 నుంచి 25 ఏళ్లవాళ్లు. 200 మంది చొప్పున నాలుగు బృందాలు. ఈవిడ ఉన్నది ప్రజాస్వామ్యం, హక్కులు, చట్టబద్ధ పాలన గురించిన బృందంలో. మొదటి సమావేశం స్ట్రాస్‌బర్గ్ పార్లమెంటు భవనంలోనే, రెండోది ఆన్‌లైన్‌లో, మూడోది డిసెంబరులో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో.

తను చెప్పినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది ఇది. వాళ్ల బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో సగంమందికి కౌన్సిల్ అంటే ఏమిటో, చట్టాలు ప్రతిపాదించి అమలు చూసే కమిషన్ అంటే ఏమిటో తెలియదు. పైగా దేశాధినేతలు కూర్చునే యూరోపియన్ కౌన్సిల్ వేరు, మంత్రులు కూర్చునే యూరోపియన్ యూనియన్ కౌన్సిల్ వేరు. ఇవి చాలవన్నట్టు స్ట్రాస్‌బర్గ్‌లోనే ఉన్న కౌన్సిల్ ఆఫ్ యూరప్ అసలు యూనియన్‌లో భాగమే కాదు. అంతసేపు తల పట్టుకుని, చివరికి ఆ బృందం చేసిన సిఫార్సుల్లో ఒకటి, ఆ పేర్లే మార్చండి అని. మంత్రుల కౌన్సిల్‌ని సెనేట్ అనండి, కమిషన్‌ని ఎగ్జిక్యూటివ్ కమిషన్ అనండి. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. కానీ రైతు అడిగిన ప్రశ్న కూడా ఇదే కదా! పేరే తెలియనివాణ్ని నిలదీసేదెలా?

2022 మే 9న ఆ సమావేశాలు ముగిశాయి. 49 ప్రతిపాదనలు తేలాయి. వాటిలో అన్నిటికంటే బరువైనది వీటో గురించి. ఇప్పుడు పన్నులు, విదేశాంగ విధానం, కొత్త దేశాల్ని చేర్చుకోవడం లాంటి విషయాల్లో 27 దేశాలూ ఒప్పుకోవాలి. ఒక్కరు వద్దంటే ఆగిపోతుంది. 2023 డిసెంబరులో ఉక్రెయిన్‌కి 5000 కోట్ల యూరోల సాయాన్ని హంగరీ ఒక్కటే అడ్డుకుంది, 2024 ఫిబ్రవరి 1న దారికొచ్చేదాకా అందరూ కాచుకుని కూర్చున్నారు. మిగతా విషయాల్లో చాలావాటికి 55 శాతం దేశాలు ఒప్పుకుని, వాటిలో కలిపి యూనియన్ జనాభాలో 65 శాతం ఉంటే చాలు. ఒకటి రెండు విషయాలు మినహా అన్నిటికీ ఈ పద్ధతే పెట్టమని పౌరుల సమావేశాల నుంచి వచ్చిన ప్రతిపాదన. సమావేశాలు ముగిసిన ఆ మే 9నే 13 దేశాలు కలిసి, తొందరపడి యూనియన్ మూల ఒప్పందాలు మార్చొద్దని ప్రకటన ఇచ్చాయి. యూరోపియన్ పార్లమెంటు మాత్రం 2023 నవంబరులో 291 ఓట్లతో, 274 మంది కాదన్నా, మార్పులు కోరింది. దేశాధినేతలు ఆ ఫైలు కదిలించలేదు.

మనవాళ్లకి తేలిగ్గా అర్థం కావాలంటే జీఎస్టీ కౌన్సిల్‌ని గుర్తు తెచ్చుకోండి. అక్కడ ముప్పాతిక, అంటే 75 శాతం ఓటు బరువు ఉంటే నిర్ణయం అయిపోతుంది, ఏ ఒక్క రాష్ట్రమూ ఆపలేదు. యూరప్‌లో పన్ను విషయమైతే ఐదారు లక్షల జనాభా ఉన్న మాల్టా కూడా ఎనిమిది కోట్ల పైచిలుకు జర్మనీని ఆపగలదు. జర్మన్లకి అది అన్యాయంగా కనిపిస్తుంది. మాల్టావాళ్లకి అదొక్కటే రక్షణ. నేను వీటో తగ్గించాలనే అంటాను, కానీ చిన్న దేశాలవాళ్ల భయం ఉత్తుత్తిది అనను. ఇంకో తేడా కూడా ఉంది. యూరోపియన్ యూనియన్‌లోంచి బయటికి వెళ్లిపోవచ్చు. బ్రిటన్ 2016లో ఓటేసి, 2020 జనవరి 31న వెళ్లిపోయింది. తలుపు తీసే ఉన్న ఇల్లు ఇది. కాబట్టి సార్వభౌమత్వం పూర్తిగా పోయింది అనే మాట నేను ఒప్పుకోను.

నా సంగతి కూడా చెప్పాలి. 2023లో నేను జర్మన్ పౌరసత్వం తీసుకున్నాను. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టు వదులుకున్నాను, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు వచ్చింది. అమ్మకి ఫోన్లో చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే ఇంక నువ్వు మనదానివి కాదా తల్లీ?" అంది. నాకు జవాబు రాలేదు. జెండా, పాస్‌పోర్టు అంటే ఉత్త కాగితాలే అనేవాళ్ల మాట నేను ఆ రోజు నుంచీ నమ్మను. అందుకే ఫ్రెంచి మాస్టారు "ఫ్రాన్స్" అన్నప్పుడు ఆయన గొంతులో వచ్చిన మార్పు నాకు అర్థమవుతుంది. 2024 జూన్ 9న మొదటిసారి యూరోపియన్ ఎన్నికల్లో ఓటేశాను. బ్యాలెట్ కాగితం నా చెయ్యంత పొడుగు, ముప్పైకి పైగా పార్టీలు. నా ముందు లైన్లో పదహారేళ్ల కుర్రాడు. జర్మనీలో యూరోపియన్ ఎన్నికలకి పదహారేళ్లవాళ్లకి ఓటు ఇచ్చింది ఆ ఏడాది నుంచే. ఆ రాత్రి నది అవతల, జాతీయవాద పార్టీకి 31 శాతం ఓట్లు రావడంతో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రోన్ తమ దిగువ సభని రద్దు చేసేశాడు. ట్రామ్‌లో ఇరవై నిమిషాల దూరంలో జరిగినట్టు లేదు, మా ఇంట్లోనే జరిగినట్టుంది.

అదే సెప్టెంబరులో జర్మనీ తన భూసరిహద్దులన్నిటి మీదా మళ్లీ తనిఖీలు పెట్టింది. తాత్కాలికం అన్నారు, పొడిగిస్తూనే వచ్చారు. అప్పుడప్పుడు కేల్‌లో పోలీసులు ట్రామ్ ఎక్కి కార్డులు అడుగుతారు. మా ఆఫీసు ఆవిడ, అదే, యూరప్ భవిష్యత్తు గురించి ఫ్లోరెన్స్‌లో కూర్చుని సిఫార్సులు రాసొచ్చిన మనిషి, ఒక పొద్దున పర్సులో కార్డు వెతుక్కుని చూపించి ఆఫీసుకి లేటుగా వచ్చింది. "ఇది ఎవర్ని అడగాలి?" అంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూర్చుని ఇద్దరం వాళ్ల వైపు యూరోపియన్ పార్లమెంటు సభ్యులొకరికి ఫ్రెంచిలో ఉత్తరం రాశాం. మూడు వారాలకి మర్యాదగా జవాబు వచ్చింది: అది జర్మనీ నిర్ణయం.

ఆ మర్నాడు రెండో ఉత్తరం రాశాం, బెర్లిన్‌లో ఉన్న మా నియోజకవర్గం సభ్యులకి. తను ఫ్రెంచిలో చెబుతుంటే నేను జర్మన్‌లో టైప్ చేశాను. ఆమెకి అక్కడ ఓటు లేదు, నాకు ఉంది. కింద సంతకం నేనే పెట్టాను.