వయొలిన్ మాస్టారి తగ్గింపు కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. వయొలిన్ నేర్చుకుంటానంటోంది. ఏడాది ఫీజు ఒకేసారి కడితే 15 శాతం తగ్గిస్తానని ఒక మాస్టారు అన్నారు. పెద్దయ్యాక కూడా పనికొస్తుందని పూర్తి సైజు వయొలిన్ కొనాలనుకుంటున్నాం. రెండూ కలిపి నా నెల జీతమంత అవుతుంది. ఫ్లాట్ 12 శాతం వడ్డీ, 2 శాతం ప్రాసెసింగ్ ఫీజుతో ఏడాది వాయిదాలకు అప్పు దొరుకుతోంది. పొదుపు ఒక నెల ఖర్చుకు సరిపోతుంది. సంపాదన నా ఒక్కడిదే. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. నాకు వచ్చే ఇలాంటి ఉత్తరాల్లో వాయిద్యం పేరు మారుతుంది గానీ తప్పు మారదు. గురువు మనకు కుదురుతాడో లేదో తెలియకముందే ఏడాది పాఠాలకు అప్పు చేసేస్తారు.

మీ లెక్కే చూద్దాం. ఏడాది ఫీజు 100 అనుకోండి. తగ్గింపు పోగా 85. దాని మీద వడ్డీ 10.20, ప్రాసెసింగ్ ఫీజు 1.70. మొత్తం 96.90. ఇంత హడావుడికి మీకు మిగిలేది సగం నెల ఫీజు కూడా కాదు. అదైనా అమ్మాయి పన్నెండు నెలలూ వెళితేనే. ఎనిమిది నెలలకు మానేస్తే, నెలనెలా కట్టేవారికి 67తో పోయేది మీకు 97 అవుతుంది. ఇక ఫ్లాట్ 12 శాతాన్ని 12 అని నమ్మకండి. తీర్చేసిన అసలుకూ వడ్డీ కడుతూనే ఉంటారు కాబట్టి, ప్రాసెసింగ్ ఫీజుతో కలిపి అది ఏడాదికి 25 శాతం పైనే తేలుతుంది. పిల్లల చదువు, కళ అనగానే ఈ లెక్క వేయడం మానేస్తాం. అప్పిచ్చేవాడు మాత్రం మానడు.

నన్ను ఎక్కువగా కంగారు పెట్టింది ఆ ఒక్క నెల పొదుపు. ఒక్కరి సంపాదన మీద నడిచే ఇంటికి కనీసం ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి. జీతం రెండు నెలలు ఆగిందనుకోండి, పాఠం ఆపుకోవచ్చు, వాయిదా ఆగదు. అప్పుడు దాన్ని కట్టడానికి క్రెడిట్ కార్డు బయటికి తీస్తారు. నెలకు నూటికి మూడు చొప్పున వడ్డీ మీద వడ్డీ పడితే ఏడాదికి అది 42 శాతం దాటుతుంది. వయొలిన్ కోసం ఇంతదూరం వెళ్లాలా?

పూర్తి సైజు వయొలిన్ మాట మరచిపోండి. అది చెప్పుల్లాంటిది, పెద్దది కొని పెరిగేదాకా తొడిగించలేం. వాయిద్యాన్ని గడ్డం కింద పెట్టి ఎడమ చేయి చాపితే, మోచేయి కాస్త వంగి ఉండగానే వేళ్లు వయొలిన్ కొన మీద చుట్టలా వంగిన భాగాన్ని పట్టుకోగలగాలి. ఈ వయసుకు చాలామందికి సగం సైజో ముప్పాతిక సైజో సరిపోతుంది, అదీ ఒకటి రెండేళ్లే. అద్దెకు తీసుకోండి.

మాస్టారిని తప్పుపట్టడం లేదు. ఒక పాఠానికి అమ్మాయితో వెళ్లి కూర్చోండి. కమాను వంకరగా జారినప్పుడు ఆయన ఆపి సరిచేస్తున్నారా, లేక పాట పూర్తయితే చాలనుకుంటున్నారా? ఆయన వాయింపుకన్నా, ఆయన దగ్గర రెండేళ్లుగా నేర్చుకుంటున్న పిల్లల వాయింపు వినండి. తప్పిన పాఠాన్ని మళ్లీ చెబుతారో లేదో ముందే అడగండి. నెలవారీ ఫీజుకు ఒప్పుకోకపోతే మరొకరిని చూడండి. ముందే డబ్బు కట్టేసిన తల్లిదండ్రులు గురువు నచ్చకపోయినా ‘కట్టాం కదా’ అని ఏడాదంతా పంపుతారు. పిల్లలు వాయిద్యాన్నే అసహ్యించుకోవడం చాలా ఇళ్లలో అక్కడే మొదలవుతుంది.

మీ అప్పు వాయిదా జీతంలో 9 శాతం పైమాటే. నెల ఫీజు, వయొలిన్ అద్దె కలిపి 5 శాతంలో సర్దుకోగలిగితే మిగతా 4 శాతం అత్యవసర నిధికి వేయండి. ఏడాదికి అర నెల జీతం చేరుతుంది. తక్కువే. అందుకే బోనస్ వస్తే అది కూడా అందులోకే. టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు అందే జీవిత బీమా, లేకపోతే ఈ నెలే తీసుకోండి. మ్యూచువల్ ఫండ్లూ బంగారమూ తర్వాత చూద్దాం.

మాస్టారి తగ్గింపు గడువు ఈ వారంతో ముగుస్తుందని కూడా రాశారు. ముగియనివ్వండి.